పుట్టినవాళ్ళ పేజీ

చేతులకి ఇంకా సబ్బు నురగ ఉండగానే మా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "కాస్త చేతులు కడుక్కుని రామ్మా. బైబిల్లో పాప పేరు రాయాలి. నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కదా," అంది. పాప అంటే నా మరిది కూతురు, నెలరోజుల పిల్ల. ఆ ఉదయమే బాప్తిస్మం అయింది. ముందుగదిలో అందరూ కడుపునిండా తిని కూర్చున్నారు. తోమాల్సిన గిన్నెలు ఇంకా సగం ఉన్నాయి. అవెక్కడికీ పోవు, నాకోసమే ఎదురుచూస్తుంటాయి.

నా దస్తూరి మీద లోకంలో అందరికీ హక్కుంది, నాకు తప్ప. చర్చి వాళ్ళ ప్రైమరీ స్కూల్లో నాలుగో తరగతికి చరిత్ర చెప్తాను. స్కూలు సర్టిఫికెట్లన్నీ నేనే రాయాలి. "దేవుడిచ్చిన వరమమ్మా నీ చెయ్యి," అంటూ హెడ్మిస్ట్రెస్ కట్టలు కట్టలు తెచ్చి నా బల్లమీద పడేస్తుంది. వరమన్నాక ఇక జీతం ఊసెత్తకూడదు. పాటల ప్రాక్టీసుకి టైము చాలకపోతే మొదట ఎగిరిపోయేది నా పీరియడే. "చరిత్రే కదా, జరిగిపోయిందేగా, ఎక్కడికి పోతుంది!" అని జోకేసి తనే నవ్వుకుంటుంది.

ఇంట్లో ఈ బైబిలు. మా మామగారి తాతలనాటిది. మధ్యలో గళ్ళు గీసిన పేజీలు, పుట్టినవాళ్ళకొకటి, పోయినవాళ్ళకొకటి. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ గళ్ళు నింపుతున్నది నేనే. ఆడపడుచు ముగ్గురు కొడుకుల్నీ నేనే రాశాను. మామగారు పోయిననాడు కళ్ళు తుడుచుకుంటూ ఆయన్నీ రాశాను. ఒక్క నా కూతుర్ని మాత్రం రాయలేదు.

ఎనిమిదేళ్ళ కిందట, పొద్దున్నే నాలుగింటికి పుట్టింది. ఆపరేషను మత్తు దిగి నేను కళ్ళు తెరిచేసరికి పక్కన ఉయ్యాల ఖాళీగా ఉంది. పదిన్నరకి పోయిందని నర్సు చెప్పింది. పిల్ల కాలికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ నా చేతిలో పెట్టి, నా పిడికిలి తనే మూసింది. దానిమీద నా పేరు, కింద 'ఆడశిశువు' అని. మా ఆయన అప్పటికే వెళ్ళి పూడ్చిపెట్టి వచ్చేశాడు. ఎక్కడని అడిగితే, "చూస్తే తట్టుకోలేవు, వద్దు," అన్నాడు. నేను దాని మొహం కూడా చూడలేదు.

ఇంటికొచ్చాక నేను బైబిలు తెరిస్తే మా అత్తగారు నెమ్మదిగా మూసేసింది. "బాప్తిస్మం లేదు, పేరు లేదు. పేరు లేనిదాన్ని ఏమని రాస్తావమ్మా? మళ్ళీ కడుపు పండుతుందిగా, అప్పుడు రాసుకుందువుగానిలే." ఆవిడ రాక్షసేం కాదు. నాకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది. అందుకే ఎదురుచెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "అమ్మ చెప్పింది నిజమే. మర్చిపో," అన్నాడు. మళ్ళీ నా కడుపు పండలేదు. "నీకేం లోటు, బడినిండా పిల్లలేగా," అంటారు చుట్టాలు. నవ్వుతాను. నవ్వకపోతే అదో గొడవ.

మొన్న గురువారం క్లాసులో చరిత్రకి ఆధారాలేమిటన్న పాఠం. ముందురోజే, ఇంట్లో బైబిలు చూసి ఎవరెవరు ఎప్పుడు పుట్టారో రాసుకుని రమ్మన్నాను. మా క్లాసులో ఒక పిల్లుంది, ప్రశ్నలపుట్ట అని పిలుస్తాం. కాగితం పట్టుకుని లేచింది.

"టీచర్, మా నానమ్మకి ఒక చెల్లి ఉండేదంట. రోజూ ఆవిడ కబుర్లే చెప్తుంది. బైబిల్లో మాత్రం లేదు టీచర్. రాయకపోతే లేనట్టేనా?"

"లేనట్టు కాదమ్మా. రాసేవాళ్ళు వదిలేశారంతే."

"మరి అలా వదిలేసినవాళ్ళని ఎవరూ తిట్టరా టీచర్?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో రాసేది నేనే కదా.

ఆ బైబిలు ఇప్పుడు నా ముందు పెట్టి, మా అత్తగారు పక్కనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "పేరు రాయి, తేదీ రాయి. పక్కన ఇది కూడా రాయమ్మా, ఈ ఇంటి మొదటి మనవరాలు అని."

పెన్ను ఆగిపోయింది. గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. మా ఆయన వైపు చూశాను. నేలచూపులు చూస్తున్నాడు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్ళు మండిపోయింది. పేరు గడి ఖాళీగా వదిలేసి, తేదీ గడిలో ఎనిమిదేళ్ళనాటి తేదీ వేశాను. పక్కన, ఈ ఇంటి మొదటి మనవరాలు.

"ఏ తేదీ వేస్తున్నావమ్మా?"

"మీరు చెప్పిందే రాస్తున్నానత్తయ్యా. మొదటి మనవరాలు."

ఆవిడకి అర్థం కావడానికి క్షణం పట్టింది. "అయ్యో, శుభమా అని పాప పేరు రాస్తుంటే ఇప్పుడెందుకమ్మా అదంతా!" అంది. నేను పోయినవాళ్ళ పేజీ తిప్పాను. అదే తేదీ, పదిన్నర అని రాశాను. మా ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. పెన్ను లాక్కుంటాడనే అనుకున్నాను.

"పదిన్నర కాదు," అన్నాడు. "పది నలభై."

"నర్సు పదిన్నర అని చెప్పింది."

"నర్సు బయటికెళ్ళింది. నా చేతుల్లోనే..." తన చూపుడువేలు చూసుకున్నాడు. "నా వేలు పట్టుకునే ఉంది."

అప్పుడు నాకు జాలి కలగాలి కాబోలు. కలగలేదు. ఎనిమిదేళ్ళు ఒకే మంచం మీద పక్కనే పడుకుని, నా కూతురి పది నిమిషాలు నాకివ్వకుండా దాచుకున్నాడు. ఇచ్చి ఉంటే వాటితోనే బతికేదాన్ని. అది ఏడ్చిందా, ఎవరి పోలిక, జుట్టు ఎంతుంది, ఒక్కముక్క చెప్పి ఉంటే!

పదిన్నర కొట్టేసి పది నలభై అని దిద్దాను. "ఎక్కడ పెట్టారు?" అని అడిగాను.

"సమాధుల తోటలో, నీళ్ళ పంపు దాటాక, గోడవారన." అదీ రాశాను.

తోడికోడలి ఒళ్ళో పాప ఏదో గునిసింది. మళ్ళీ పుట్టినవాళ్ళ పేజీకి వచ్చాను. పేరు గడి ఒక్కటే మిగిలింది. "ఏం పేరని రాస్తావమ్మా?" అంది మా అత్తగారు. మా ఆయన కూడా వంగి ఏదో చెప్పబోయాడు. పరీక్షలో పక్కవాళ్ళకి కనపడకుండా మా పిల్లలు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎవర్నీ అడక్కుండా, ఎనిమిదేళ్ళుగా నేను పిలుచుకుంటున్న పేరు రాశాను.