ఎరుపు తెలుపు దారం

మెతోది బూట్లు విప్పి బల్ల కిందికి తోసి, మడమల దగ్గర అరిగిన చెప్పులు తొడుక్కున్నాడు. జెరేనియం కుండీలో అరగ్లాసు నీళ్లు పోశాడు. ప్లోవ్దివ్‌ నగరంలోని ఈ ఆఫీసులో పన్నెండేళ్లుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతుంది. గోదాముల సరుకు చూసే పాత ప్రోగ్రాం ఆయన రాసిందే. దానికి జబ్బు చేస్తే నాడి పట్టేదీ ఆయనే.

మణికట్టుకు మార్చి ఒకటిన భార్య కట్టిన ఎరుపు తెలుపు దారం ఉంది. అక్కడి ఆచారం ప్రకారం వసంతంలో తొలి కొంగ కనబడేదాకా తీయకూడదు, కనబడ్డాక పూసిన చెట్టుకు కట్టాలి. ఆయన కిటికీలోంచి పక్క భవనం గోడే కనిపిస్తుంది. అందుకే ఏటా దారం నల్లబడ్డాకే తీసేవాడు.

పదిన్నరకు రలిత్సా చాక్లెట్ల డబ్బాతో వచ్చింది. ఆ పిల్ల చేరి నెలయింది. మొదటి జీతం అందినవాళ్లు అందరి నోరూ తీపి చేయాలి. తిన్నవాళ్లు, వచ్చే ఏడు ఇంతకింత కావాలని దీవించాలి. మెతోది దీవించాడు.

"ఇప్పటికే నాలుగు వేల లెవాలు బాబాయ్! బ్యాంకు గాని దోచావా అంటోంది మా అమ్మ. మీకైతే ఎనిమిది దాటుతుందేమో."

ఆయన జీతం రెండువేల మూడు వందలు.

"అంత లేదులే అమ్మాయ్," అంటూ చాక్లెట్ నమిలాడు.

భోజనాలయ్యాక మేనేజరు కామెన్ దగ్గరికి వెళ్లాడు. బయట ప్రోగ్రామర్లకు గిరాకీ బాగా పెరిగిందని, కొత్తవాళ్లు అడిగినంత ఇవ్వకపోతే సాయంత్రానికి ఇంకో కంపెనీలో తేలతారని కామెన్ ఓపిగ్గా చెప్పాడు.

"ఇన్నేళ్లలో మీరు ఒక్కసారీ అడగలేదేం?"

"ఏటా పెరుగుతూనే ఉందిగా."

"అది సర్వీసు శాతమండీ. పనిచేసిన ఏళ్లను బట్టి చట్టం కలిపేది. మేం పెంచింది కాదు."

ఏటా పదమూడు లెవాలు. అవి పడ్డ నెల, వాళ్లు మనల్ని మరిచిపోలేదే అని భార్యతో చెప్పేవాడు మెతోది.

కామెన్ మూడు వందలు కలుపుతానన్నాడు. మెతోది మర్యాదగా లేచి వచ్చేశాడు. ప్రోగ్రాం ఎక్కడ మొరాయిస్తుందో, అప్పుడేం చేయాలో అయిదింటిదాకా రలిత్సాకు చూపించాడు.

"అన్నీ ఇవాళేనా బాబాయ్? రేపు లేదా?"

"రాసుకోమ్మా."

తెల్లకాగితం మీద రెండు వాక్యాల రాజీనామా రాసి, మిగిలిన సెలవులను నోటీసు గడువులో కలుపుకోమని కామెన్ బల్ల మీద పెట్టాడు. బూట్లు తొడుక్కుని, చెప్పులు సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు రలిత్సా నీళ్లు పోయబోతే కుండీలో మట్టి ఇంకా తడిగానే ఉంది. మొగ్గయినా వేయని జెరేనియం కొమ్మకు, ఇంకా నల్లబడని ఎరుపు తెలుపు దారం ముడివేసి ఉంది.