బడికి తయారయ్యే పందెం

ఉదయం పూట ఆ ఇంట్లోకి ఎవరైనా తొంగి చూస్తే, ఏ చక్రవర్తిగారినో సభకి తయారు చేస్తున్నారనుకుంటారు. కుర్చీలో మూడో తరగతి చదివే ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. వెనక నాయనమ్మ జడ వేస్తుంటుంది. పక్కన అమ్మ బ్రెడ్డు ముక్క తుంచి నోట్లో పెట్టి, "నమిలావా? ఇప్పుడు మింగు" అని ఒక్కో పనీ గుర్తు చేస్తుంటుంది. కింద నాన్న గొంతుక్కూర్చుని బూట్ల లేసులు కడుతుంటాడు. ఇంత హడావిడిలోనూ ఆ పిల్ల చేసే పని ఒక్కటే. ఎడమ కాలు అయ్యాక కుడి కాలు చాపుతుంది.

ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి వచ్చిన పేరది. ఆ పేరుకి తగ్గ పని చేసే అవకాశం మాత్రం ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు.

నాన్నకి బజారులో చెప్పుల షాపు ఉంది. కబుర్లు చెబుతూ, కిందకి చూడకుండా లేసు ముడి వేసేయగలడు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. మందు మింగనని మొండికేసే పెద్ద పెద్ద మీసాలవాళ్ల చేత కూడా నోరు తెరిపించిన మనిషి. నాయనమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంతమంది పనిమంతులున్న ఇంట్లో పిల్లకి పనేం మిగులుతుంది?

చదివే అమ్మలూ, అయ్యలూ! ఇందులో తప్పేముంది, ప్రేమే కదా అంటారేమో. ప్రేమే, కాదన్నదెవరు? ఆ ప్రేమ ఆ ఏడాది బళ్లో ఎన్ని తిప్పలు తెచ్చిపెట్టిందో కాస్త వినండి.

బడి తెరిచిన కొత్తలో మొక్కల పోటీ పెట్టారు. తలా ఒక చిక్కుడు గింజ ఇచ్చి, డబ్బాలో పెంచి తెమ్మన్నారు. మొలిచిందా లేదా అని పిడుగు పూటపూటా మట్టి తవ్వి చూడడంతో గింజకి మొలవడానికి తీరిక దొరకలేదు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఒక మొక్క కొనుక్కొచ్చి డబ్బాలో పాతేసింది. బళ్లో టీచరు ఆ డబ్బా చూసి కళ్లజోడు తీసి తుడుచుకుంది. చిక్కుడు గింజకి గులాబీ పూసింది మరి!

"ఎలా పెంచావమ్మా ఇది?"

"తెలీదు టీచర్. పొద్దున్న లేచేసరికి పెరిగిపోయింది."

ఆ తర్వాత బొమ్మల పోటీ. 'మా ఇల్లు' అనే బొమ్మ ఇంటి దగ్గర గీసుకుని రావాలి. నాన్న షాపు మూసొచ్చి, నాలిక బయట పెట్టుకుని మరీ గీశాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ఇల్లు గీస్తే బూటులా వచ్చింది. అయినా కిటికీలు బాగున్నాయని ప్రైజు ఇచ్చారు. బొమ్మలన్నీ గోడకి అంటించి, "నీదేదమ్మా?" అని పెద్ద టీచరమ్మ అడిగితే, పిడుగు కాసేపు వెతికి పక్క పిల్ల గీసిన బొమ్మ చూపించింది.

ఇంట్లో ఈ ముచ్చట్లు చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వారే గానీ, ఒక్కరూ ఆలోచించలేదు.

చలికాలంలో పిల్లల్ని ఫైర్ స్టేషన్ చూపించడానికి తీసుకెళ్లారు. బడి బస్సు నడిపేది పిడుగు మేనమామే. సాయంత్రం ఆయనే పిల్లని ఇంటి దగ్గర దించాడు. పిడుగు లోపలికొస్తూనే కుళాయి కింద నోరు పెట్టి గటగటా తాగింది. మెడలో నీళ్ల సీసా నిండుగా వేలాడుతూనే ఉంది.

"నీళ్లు కూడా తాగనివ్వలేదా పిల్లని? మనుషులేనా వాళ్లు?" అమ్మ చెంగు బిగించింది.

"ఆగక్కా, తొందరపడి యుద్ధానికెళ్లకు," అన్నాడు మేనమామ. "తాగనివ్వకపోవడమేంటి? దానికి మూత తీయడం రాలేదు. దీనికొక్కదానికేంటి, సగం మందికి రాలేదు! పాపం టీచరమ్మ ఫైరింజను మొహమైనా చూళ్లేదు. పొద్దుటినుంచీ మూతలు తీస్తూనే ఉంది. ఆఖరికి అక్కడి ఆఫీసరు కూడా గొట్టం పక్కన పడేసి మూతలు తీయడానికి కూర్చున్నాడు. 'దీనికంటే మంటలార్పడమే నయమమ్మా' అన్నాడు!"

"మరి నువ్వెందుకు అడగలేదే టీచర్ని?" అంది నాయనమ్మ.

పిడుగు మొహం కందిపోయింది. "సిగ్గేసింది నాయనమ్మా. పక్కన కూర్చున్న పిల్ల దాని మూత అదే తీసుకుంది. తర్వాత నా వైపు చూసింది."

ఆ మాటకి నాన్న గుండె చివుక్కుమంది. వెంటనే ఒక నిర్ణయానికొచ్చాడు. "రేపే నొక్కగానే తెరుచుకునే మూతున్న సీసా కొనేస్తా!"

"భలే బావా! నీ తెలివికి దండెయ్యాలి. రేపు నమలక్కర్లేని బ్రెడ్డు కూడా కొను," అన్నాడు మేనమామ.

పిడుగు మాత్రం ఆ రోజు నుంచి బూట్లు పట్టుకుని గదిలోకి దూరి తలుపేసుకోవడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అడిగితే "ఏం లేదు" అనేది. అసలు సంగతేంటంటే, ఏడాది చివర స్పోర్ట్స్ డేలో మూడో తరగతికి కొత్త పందెం పెట్టారు. పిల్లలు వట్టి కాళ్లతో కుర్చీల్లో కూర్చోవాలి. ఈల వేయగానే మేజోళ్లు, బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, సంచీ తగిలించుకుని, గీత దాకా పరిగెత్తాలి. దాని పేరు బడికి తయారయ్యే పందెం.

స్పోర్ట్స్ డే ముందు రోజు పిడుగు నాన్న దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, రేపు నువ్వు రా. కానీ తాడు దాటి లోపలికి రావద్దు. గులాబీ నాది కాదు. బొమ్మ నాది కాదు. ఇదొక్కటైనా నేనే చేస్తా."

"అలాగేనమ్మా. ఒట్టు! చేతులు జేబులోంచి తీయను."

"బావా, నువ్వు ఒట్టేశావంటే నాకు భయమేస్తుంది," అన్నాడు పక్కనే ఉన్న మేనమామ.

మర్నాడు మైదానం చుట్టూ తాడు కట్టారు. తాడుకి ఇవతల కుర్చీల్లో అమ్మలూ నాన్నలూ, అవతల చిన్న కుర్చీల్లో పిల్లలు. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు.

అప్పుడు జరిగింది చూడాలి! పిల్లలు చాలామంది కాళ్లు ముందుకి చాపి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుండిపోయారు. ఎవరో వచ్చి తొడుగుతారని వాళ్ల ధీమా. అలవాటు అలాంటిది. వంగి మేజోడు అందుకున్న కొద్దిమందిలో పిడుగు ఒకతి.

నాన్న జేబుల్లో చేతులు పెట్టుకుని గుటకలు మింగుతున్నాడు. పిడుగు బూటు తొడుక్కుంది. లేసు పట్టుకుంది. ముడి సగం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక అమ్మ కొంగు దోపుకుని తాడు దూకేసింది. ఆమెని చూసి ఇంకొకరు. ఆ వెనకే ఒక బట్టతల నాన్న. చూస్తుండగానే పిల్లల దగ్గర పెద్దల తిరునాళ్లయింది. డ్రిల్లు మాస్టారు బుగ్గలు ఉబ్బిపోయేలా ఈల ఊదుతున్నాడు. వినేదెవరు?

"అన్యాయం! అందరూ వెళ్లిపోతున్నారు!" అని నాన్న కూడా దూకాడు. పిల్ల ముందు కూలబడి, అది కష్టపడి కట్టుకున్న సగం ముడి సర్రున లాగేసి, రెప్పపాటులో రెండు బూట్లూ బిగించేసి, సంచీ తగిలించి వీపు మీద ఒక్క తోపు తోశాడు. చెప్పుల షాపు చెయ్యి కదా, ఎదురేముంది? పిడుగు అందరికంటే ముందు గీత దాటింది.

"మనమే ఫస్టు! మనమే!" నాన్న గంతులేశాడు.

పిడుగు ఏడవలేదు. గీత మీదే కూర్చుని రెండు బూట్ల లేసులూ విప్పేసింది. అమ్మా నాయనమ్మా గతుక్కుమన్నారు. నాన్న పరిగెత్తుకుంటూ వెళ్లాడు.

"ఏమైందిరా బంగారం? బిగుతయిందా?"

"ఇది నా ముడి కాదు," అంది పిడుగు తలెత్తకుండా. "నాది సగమయింది నాన్నా. నువ్వు విప్పేశావ్."



ఇంతలో పెద్ద టీచరమ్మ మైకు అందుకుంది. "పెద్దల పందెం చాలా బాగా జరిగింది. చెప్పుల షాపు నాన్నగారు ఫస్టు. వచ్చి ప్రైజు తీసుకోవాలి," అంది. మైదానమంతా గొల్లుమంది. నాన్న తల దించుకుని వెళ్లి, బొమ్మల పెన్సిలు డబ్బా పుచ్చుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఇప్పుడు పిల్లల పందెం. దయచేసి పెద్దలందరూ తమ తమ చేతుల్ని అదుపులో పెట్టుకోవాలి," అంది పెద్ద టీచరమ్మ.

మేనమామ బావ పక్కన చేరాడు. "బావా, జేబులో లేసులున్నాయా?"

"షాపువాణ్ణి, ఉండక ఎక్కడికి పోతాయి? ఏం?"

"ఇలా ఇవ్వు. చేతులు కుర్చీ వెనక్కి పెట్టు."

మరుక్షణం నాన్న చేతులు కుర్చీ కమ్మీకి కట్టేసి ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతున్నా ఆయన కాదనలేదు. తన చేతుల్ని ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

పిల్లలందరూ బూట్లు విప్పేసి మళ్లీ కుర్చీల్లోకొచ్చారు. ఈల మోగింది. పిల్లలు కాసేపు కాళ్లు చాపి ఎదురు చూశారు. ఎవరూ రాకపోయేసరికి ఒక్కొక్కరే వంగారు. ఒకడు మేజోళ్లు రెండూ ఒకే కాలికి వేసుకున్నాడు. ఒక పిల్ల సంచీ పొట్ట మీద తగిలించుకుంది. పిడుగు కంగారులో బూట్లు తారుమారు చేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుంది. లేసు జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది.

"ఎడమది పైనుంచి... కాదు, కింద నుంచి... అయ్యో తల్లీ..." నాన్న కూర్చున్నచోటే మెలికలు తిరిగిపోతున్నాడు.

"వాడి నోరు కూడా కట్టెయ్ నాయనా," అంది నాయనమ్మ, తన రెండు చేతులూ ఒడిలో నలిపేసుకుంటూ.

ఒక్కొక్కరే లేచి పరిగెత్తారు. గీత దాటారు. కుర్చీలన్నీ ఖాళీ అయిపోయాయి. పిడుగు ఒక్కతే మిగిలింది. మైదానం మొత్తం అటే చూస్తోంది. ఎవరూ లేవలేదు. పిడుగు చివరి ముడి లాగింది. లేచి, నేల మీద కాలు గట్టిగా కొట్టి చూసుకుంది. ముడి ఊడలేదు. అది ముడిలా లేదు, పిచ్చుక గూడులా ఉంది. కానీ ఊడలేదు! సంచీ భుజాన వేసుకుని పరుగు తీసింది.

అందరికంటే ఆఖర్న గీత దాటింది. చప్పట్లు మాత్రం ఎవరికీ అన్ని మోగలేదు. నాన్న సంతోషం పట్టలేక లేచి నిలబడితే, ఆయనతో పాటు కుర్చీ కూడా లేచింది.

చప్పట్లు సద్దుమణిగాక పెద్ద టీచరమ్మ అంది: "మేం ఏడాది పొడుగునా మొక్కలూ బొమ్మలూ ట్రిప్పులూ పందేలూ పెట్టేది ప్రైజుల కోసమని అనుకుంటున్నారు మీరు. పిల్లలు వంకరగా గీయాలి, తప్పుగా కట్టాలి, మళ్లీ కట్టాలి. అందుకోసం పెడుతున్నాం. ఆ వంకర పని మీరు లాగేసుకుంటే వాళ్లకి చక్కటి పని ఎప్పటికీ రాదు. మీ ప్రేమ ఎక్కడికీ పోదు. ఆ తొందర ఒక్కటి తగ్గించుకోండి చాలు."

పిడుగు రొప్పుకుంటూ నాన్న దగ్గరికొచ్చింది. బూటు ముందుకి చాపింది. ఈసారి కట్టమని కాదు, చూడమని.

"అబ్బో! ఇలాంటి ముడి నా షాపులోనే లేదమ్మా," అన్నాడు నాన్న. "ఏదీ, నా చేతులు కాస్త విప్పు."

పిడుగు కుర్చీ వెనక కూలబడింది. మేనమామ లారీ లోడు బిగించినట్టు బిగించాడేమో, ముడి ఒక పట్టాన రాదు. "నేను విప్పుతాలే," అని వంగబోయిన మేనమామని నాన్న కళ్లతోనే ఆపేశాడు. ఇలా లాగు, అలా తిప్పు అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. మింగేశాడు. వీపు వెనక ఆ చిన్న వేళ్లు తడబడడం, పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం ఆయనకి ఒక్కొక్కటీ తెలుస్తోంది. జనం ఇళ్లకి వెళ్లిపోతున్నారు. అమ్మా, నాయనమ్మా, మేనమామా నిలబడే ఉన్నారు.

"తొందరేం లేదమ్మా, నిదానంగా కానీ," అన్నాడు నాన్న. ఆ పిల్లతో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

అమ్మలూ, అయ్యలూ! మన చేతులు కాసేపు ఊరుకుంటేనే మన పిల్లల చేతులకి పని దొరుకుతుంది.