చెయ్యి అందని చోటు

లివర్‌పూల్‌లో శుక్రవారం వచ్చిందంటే ఆడవాళ్ళు జుట్టు ఉంగరాలు తిరగడానికి తలకు రోలర్లు చుట్టుకుని, అలాగే బజారుకు వెళతారు. పెళ్ళయినా పార్టీ అయినా ముందురోజు ఒంటికి రంగు కొట్టించుకుంటారు. ఎండ మొహం చూడని ఊళ్ళో ఎండలో తిరిగొచ్చిన రంగు కావాలి మరి. చూసి నవ్వకండి. అద్దం ముందు నిలబడి ఉన్న రంగు చాలదనుకోవడం మనకూ తెలిసిన జబ్బే.

ఐలీన్‌కు అరవై దాటాయి. భర్త ఫ్రాంక్ పోయాక ఒంటరిగా ఉంటోంది. ఎవరు పలకరించినా "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. పక్కింటి వినిఫ్రెడ్ ఏదైనా సాయం కావాలా అని అడిగీ అడిగీ మానేసింది. ఆ శనివారం చెల్లెలి కూతురి పెళ్ళి. ఐలీన్ వీపు సగం కనిపించే నీలం గౌను కొనుక్కుని, సీసాలో అమ్మే రంగు తెచ్చి తనే పూసుకుంది. వీపు చూడరానట్టు తయారైంది. జ్వరమని చెప్పి పెళ్ళి మానేద్దామనుకుంది. ఆఖరి ప్రయత్నంగా, ఒంటికి రంగు కొట్టే కెల్సీ దుకాణానికి ఫోన్ చేసింది.

కెల్సీ చిన్నపిల్ల, పనిమంతురాలు. కొత్తవాళ్ళకు చెప్పేవన్నీ ఫోన్లోనే చెప్పింది. ముందురోజే ఒళ్ళంతా గరుకు గుడ్డతో రుద్దుకోవాలి, వచ్చేటప్పుడు సెంటూ క్రీమూ పూసుకోకూడదు, నల్లటి వదులు బట్టలు వేసుకురావాలి. ఐలీన్ అన్నీ పాటించింది. పెళ్ళి ముందురోజు, దుకాణంలో ఇచ్చిన కాగితపు లోదుస్తులతో, రంగు కొట్టే చిన్న గుడారంలో నిలబడి, చలికి కాక సిగ్గుకు వణికింది.

కెల్సీ వెనక్కి తిరగమంది. వీపంతా పాత రంగు చారలు, నడుమ అరచెయ్యంత తెలుపు.

"రుద్దుకోలేదని తిట్టకమ్మా," అంది ఐలీన్. "చెయ్యి అందలేదు."

"తిట్టను, రాణీ," అంది కెల్సీ, ఆ ఊళ్ళో ఆడవాళ్ళని ముద్దుగా పిలిచే పిలుపుతో. "ఇలాంటి వీపులు చాలా చూస్తాను. పూసుకోవడానికీ అందదు, కడుక్కోవడానికీ అందదు. ఒంటరిగా ఉండేవాళ్ళకి అక్కడే మిగిలిపోతుంది."

తడిగుడ్డతో పాత రంగును మెల్లగా రుద్దసాగింది. ఫ్రాంక్ పోయాక ఐలీన్ వీపు మీద ఇంకో మనిషి చెయ్యి పడడం అదే మొదలు. ఏడుపు ఆగలేదు.

"ఏడవాలంటే ఇప్పుడే ఏడ్చెయ్యండి," అంది కెల్సీ. "రంగు కొట్టాక పొద్దుటిదాకా చుక్క నీళ్ళు తగలకూడదు. కన్నీళ్ళకీ చారలు పడతాయి. గిన్నెలు కూడా ఇంకెవరిచేతైనా తోమించుకోండి."

"ఇంకెవరున్నారు?"

"అడిగి చూశారా?"

ఐలీన్ చేతులు ఎత్తమంటే ఎత్తింది, తిరగమంటే తిరిగింది. చల్లటి తుంపర ఒళ్ళంతా పడింది. ఇంటికొచ్చి ఎంగిలి పళ్ళాలు అలాగే వదిలేసి, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుంది. గోడ అవతల వినిఫ్రెడ్ టీవీ వినిపిస్తూనే ఉంది. అయినా వెళ్ళి అడగడానికి లేవలేకపోయింది.

పొద్దున స్నానం చేసి చూసుకుంటే రంగు సమంగా, తేనెలా వచ్చింది. గౌను తొడుక్కుంది. జిప్పు సరిగ్గా ఆ చెయ్యి అందని చోటే ఆగిపోయింది. ఎంత మెలితిరిగినా పైకి రాలేదు. జ్వరమని చెప్పడానికి ఫోన్ తీసింది. కాసేపు పట్టుకుని, పక్కన పెట్టింది. గౌను జారకుండా పట్టుకుని వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"నేనేం బాగా లేను, విన్నీ," అంది. "ఈ జిప్పు కాస్త పెట్టు."

వినిఫ్రెడ్ జిప్పు పైకి లాగి, ఆ వీపు మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచింది.

"ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నానే," అంది.

సాయం అడగడం చిన్నతనం కాదని ఐలీన్‌కు అరవై దాటాక తెలిసింది. మీరు అంతదాకా ఆగకండి.