తిరిగొచ్చిన మాట

మంగళవారం పదింటికి ఆమె పంపిన మాట తిరిగొచ్చింది.

ఆస్పత్రి ప్రశ్నలని ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి మార్చడం ఆమె పని. అసలు కాగితం చూడనివాళ్లెవరో దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. రెండూ కలిస్తే సరి. ఒకచోట కలవలేదు. "ఈ నెలలో మీకు కంపానియన్‌షిప్ కరువైందా?" అన్నదానికి ఆమె "కొంపనీయా" అని రాసింది. "చుట్టూ మనుషులు లేరా?" అని తిరిగొచ్చింది.

అవునన్నవాళ్లకే ఆస్పత్రి నర్సు ఫోన్ చేసి మాట్లాడుతుంది. ఇంటినిండా జనం ఉన్న ఆడది ఈ ప్రశ్నకి లేదనే టిక్కు పెడుతుంది. ఆ ఫోన్ దానికి ఎప్పటికీ రాదు.

భోజనాల బల్ల మీద ఒక పక్క లాప్‌టాప్, ఒక పక్క తుంచాల్సిన బీన్స్. ఇంట్లో ఐదుగురు. ఆమె స్నానానికి వెళ్లినా తలుపు కొట్టి ఉప్పెక్కడని అడుగుతారు. పెళ్లైన కొత్తలో ఫోన్ చేసి ఏడిస్తే, "నలుగురి మధ్య ఉన్నదానికి బెంగేమిటే?" అంది అమ్మ. కిందటి వారం "నీతో ఒక మాట చెప్పాలి" అంటే, "సరుకులు అయిపోయాయా?" అన్నాడు మొగుడు. కాదంది. అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు తాగేసిన కాఫీ కప్పు ఆమె ముందు పెట్టి, "ఒక్క మాటకి పొద్దంతానా? ఫోన్‌లో కొడితే వందొస్తాయి" అన్నాడు. కప్పు కడగడానికి లేచింది.

తిరిగొచ్చి, మాట తీసేసి వాక్యం రాసింది: "మనసులోది చెప్పుకునే మనిషి కరువైందా?" ఆస్పత్రి తరఫున రెండు కాగితాలూ సరిచూసే ఆవిడకి ఫోన్ చేసింది.

"పాత ప్రశ్నా, కొత్త ప్రశ్నా స్పానిష్ తెలిసిన ఆడమనిషినెవరినైనా అడిగి చూడాలమ్మా," అంది ఆవిడ. " ఉన్నారా ఎవరైనా?"

"నేనున్నానుగా. అడగండి."

ఆవిడ మొదటిది అడిగింది. "కొంపనీయా?" అని ఈమె తిరిగి అనేసరికి టీవీ ముందు నుంచి అత్తగారు, "కొంపకేమైందే?" అంది.

"ఏం కాలేదత్తయ్యా." ఫోన్‌లో, "దానికి కరువు లేదు" అంది.

ఆవిడ రెండోది అడిగింది. బీన్స్ తుంచే చెయ్యి ఆగింది.

"ఎప్పుడూ కరువే," అంది స్పానిష్‌లో. గదిలో ఎవరూ తలెత్తలేదు.

"ఇది పరీక్షకి చెప్పిన జవాబా, మీ జవాబా?"

"నాదే."

"అయితే నర్సుకి చెప్తాను. ఎన్నింటికి చెయ్యమననూ?"

"మూడింటికి. నేను బయట ఉంటాను."

మూడింటికి ఆమె బస్టాపు బెంచీ మీద కూర్చుంది. అత్తగారు ఒకసారి, మొగుడు రెండుసార్లు చేశారు. ఎత్తలేదు. నాలుగోసారి తెలియని నంబరు మోగింది. ఎత్తింది.