ఫియట్ నుదురు

ఆ రోజు అశోక్‌నగర్ ఇంట్లో అమ్మమ్మ సత్తవ్వ, జగదీశ్వర్ మామయ్య, నళిని అత్తమ్మ, నేను ఉన్నాం. ఊరి బడిలో పది పూర్తిచేసి, నారాయణగూడలో ఇంటర్ చదవడానికి వచ్చాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు. పోర్టికోలో చనిపోయిన తాతయ్య ఫియట్ ఉంది. అమ్మమ్మ దాన్నీ ఇంటి మనిషిగానే లెక్కేస్తుంది.

యాభై ఏళ్లు దాటిన ఆ కారును వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించాలని మామయ్య తిరుగుతున్నాడు. అది కాకపోతే రోడ్డెక్కే వీల్లేదు, తుక్కుకు వేయాల్సిందే. బండిని చూడటానికి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ కుమారస్వామి గారు వచ్చారు. బానెట్ లేపి, టార్చి వేసి ఆగిపోయారు.

“ఛాసిస్ నంబర్ ఏది సార్? ప్లేటు మీద ఏందిది, కూర మసాలానా?”

ప్రతి దసరాకూ అమ్మమ్మ, ఇంజన్ పక్కన ఆ నంబర్ చెక్కి ఉన్న ప్లేటుకే నూనెలో కలిపిన పసుపు పూసి, కుంకుమ పెడుతుంది. అదంతా గట్టిపడి అంకెలు కనబడటం లేదు.

మామయ్య గుడ్డ తెచ్చాడు. అమ్మమ్మ అడ్డం నిలబడింది.

“నా బొట్టు తుడిచిన్రు, ఊకున్న. దీని బొట్టు గూడ తుడుస్తవారా?”

మామయ్య గుడ్డ వెనక్కి దాచుకున్నాడు.

“నంబర్ కనబడకుంటే నేను రాయలేనమ్మా,” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు మెల్లగా.

“జర ఆలోచించు అత్తమ్మా. పాత సామానోడు గుంజుకపోతే బొట్టుంటదా, బండుంటదా?” అంది నళిని అత్తమ్మ.

అమ్మమ్మ కదల్లేదు. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు.

“అమ్మమ్మా, నుదురు ముందటుంటది గద. ఇది కడుపు.”

అందరూ నన్నే చూశారు. అమ్మమ్మ బానెట్‌లోకి వంగి చూసింది. కారు ముందుకెళ్లి అక్కడా చూసింది.

“ఇన్నేండ్ల సంది కడుపుకు పెడుతున్ననా? చెప్పొద్దానే?”

కుంకుమ భరిణె తెప్పించి, ముందు రెండు లైట్ల మధ్య కొత్త బొట్టు పెట్టింది. తరువాతే పాతదాని మీద కొబ్బరినూనె పోసి, నానాక తన కొంగుతోనే తుడిచింది. ఇన్‌స్పెక్టర్ గారు ప్లేటు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దారు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి.

“సరిపోయింది. ఆర్సీ వచ్చేదాక గేటు దాటియ్యకున్రి,” అని వెళ్లిపోయారు.

“గేటు దాకనైతే పోవచ్చు గద,” అంది అమ్మమ్మ.

మామయ్య నవ్వుతూ ఇంజన్ స్టార్ట్ చేశాడు. కారు ఎడమ తలుపు లోపలి నుంచి వేస్తే పడదు. అమ్మమ్మను కూర్చోబెట్టి బయటి నుంచి తాతయ్యే వేసేవాడట. నేను అమ్మమ్మ కోసం తలుపు తీసి పట్టుకున్నాను.

“నువ్వెక్కు,” అంది.

ఎక్కాను.

“చున్నీ లోపలికి తీస్కో,” అంటూ అమ్మమ్మ రెండు చేతులతో తలుపు ధన్‌మని వేసింది.