మూడు కొయ్యల మాట

"కంప్యూటర్ ముందు కూర్చుని మాటలు మార్చడం కూడా ఒక పనేనా?" అనేసి మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు. నేను ఇంటి నుంచే ఇంగ్లిష్ పుస్తకాలు అనువదిస్తాను. భోజనాల బల్ల మీద ఒక పక్క నా కంప్యూటర్, ఇంకో పక్క బఠానీలు ఒలుస్తూ మా అత్తయ్య. ఆ పూట ట్రావెయిల్ అనే మాట దగ్గర ఆగిపోయాను. బాధ అని రాసేస్తే సరిపోయేది. ఎందుకో మనసొప్పక నిఘంటువు తీశాను.

అందులో ఆ మాట పుట్టుక కూడా ఉంది. దాని లాటిన్ మూలానికి మూడు కొయ్యలని అర్థమట. మనిషిని వాటికి కట్టి హింసించేవారట. ఆ మాటే ఫ్రెంచి వాళ్ల నోట పడి యాతన అయింది, నడుములిరిగే చాకిరీ అయింది, ఇంగ్లిష్‌లోకొచ్చాక పురిటినొప్పులు కూడా అయింది. ఇవన్నీ ఒకటేనని ఎవరూ సభ పెట్టి తీర్మానించి ఉండరు. చాకిరీ చేస్తున్న మనిషినీ, బిడ్డను కంటున్న మనిషినీ చూసి, ఆ కొయ్యలు గుర్తొచ్చినవాళ్లు ఎవరో ఉన్నారన్నమాట. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి ఉన్న మాట 'మామూలే'.

అత్తయ్యకు చెప్పాను. ఒలిచే చెయ్యి ఆగింది.

"మీ ఆయన పుట్టిన నాడు ఇంటి నిండా చుట్టాలు. నొప్పులంటే భోజనాలు ఆగిపోతాయని, అందరికీ వడ్డించి, గిన్నెలు కూడా కడిగి, అప్పుడు చెప్పాను. ముందే చెప్పి చావొచ్చుగా అని మీ మావయ్య కసురుకున్నారు."

ఆ గొంతులో కోపం లేదు. ఇన్నేళ్లుగా పక్కనే మసలుతున్న మనిషిని కొత్తగా చూస్తూండిపోయాను.

"ఇంకో సంగతి అత్తయ్యా. ట్రావెల్ అంటామే, ప్రయాణం, అదీ ఈ మాటలోంచే పుట్టిందట. అప్పట్లో ప్రయాణమంటే అంత యాతన కదా."

ఆవిడ బఠానీల గిన్నె పక్కకు జరిపారు.

"నేనెక్కడికెళ్లినా ఎవరిదో పురుడు, లేకపోతే ఎవరికో జ్వరం. వంటిల్లు మారేది, అంతే. ఒక్కసారి, ఎవరూ రమ్మనని చోటికి వెళ్లాలనుంది."

"ఒక్కరే వెళ్తారా?"

"నువ్వు రావూ?"

సాయంత్రానికల్లా ఇద్దరికీ రైలు టికెట్లు తీశాను. రాత్రి భోజనాల దగ్గర చెబితే మా ఆయన ముద్ద మధ్యలో ఆపేశారు.

"ఎక్కడికమ్మా?"

"సముద్రమున్న ఊరికి."

"అక్కడెవరున్నారు? ఎవరికేమైందని?"

అత్తయ్య తన కంచంలో తనే వడ్డించుకుని, మొదటిసారి మాతో పాటే కూర్చున్నారు.

"ఊరికే," అన్నారు.