ఇనుపెద్దుకి సవతి

ఆ ఏడు తైపేలో జరిగిన కంప్యూటర్ల ప్రదర్శనలో తావ్‌కి దొరికిన చోటు మరుగుదొడ్లకి పోయే దారి పక్కన. ఒక బల్ల, రెండు కుర్చీలు, వెనక గుడ్డ మీద ఎద్దు తల బొమ్మ. అక్కడినుంచి చూస్తే హాలు నడిమధ్యలో ఆవిడ పనిచేసే కంపెనీవాళ్లదే ఇంకో దుకాణం కనిపిస్తోంది. నల్లటి గోడలు, ఎర్రటి దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు, జుట్టుకి నీలం రంగేసుకున్న అమ్మాయిలు, వాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగడానికి బారులు తీరిన కుర్రాళ్లు. గోడ నిండా 'జెవోరా' అని రాసి ఉంది. ఆ మాటకి ఏ భాషలోనూ అర్థం లేదు. లేకపోవడమే దాని గొప్పట.

జెవోరా వ్యవహారం మొత్తం నింగ్ అనే పిల్ల చేతిలో ఉంది. మధ్యాహ్నం ఒకసారి ఆ దీపాల్లోంచి బయటపడి ఇటు వచ్చింది.

"భోంచేశారా అక్కా?"

"ఎక్కడ తీరికమ్మా. వచ్చినవాళ్లకి బాత్రూం దారి చూపించడంతోనే సరిపోతోంది."

నింగ్ నవ్వి, చేతిలో ఉన్న సగ్గుబియ్యం టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తావ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గ్లాసు ముట్టుకోలేదు.

కంపెనీ తైపే పక్కనే జోంగ్‌హెలో. యజమాని పేరు కే. కంప్యూటర్లకి కరెంటు అందించే డబ్బాలు, పవర్ సప్లైలు, చేస్తాడు. ఆయన తండ్రి పొలంలో నడిపిన మూడు చక్రాల మోటారు బండిని ఆ వైపు 'ఇనుపెద్దు' అంటారు. మొదటి పవర్ సప్లై రేకుల షెడ్డులో తయారైన రోజున కే దానికి ఆ పేరే పెట్టాడు. అప్పటికి కంపెనీలో తావ్ ఒక్కతే ఉద్యోగి. పెట్టెలు స్కూటరుకి కట్టుకుని వానలో కొట్టుకొట్టుకీ తిరిగింది. ఇనుపెద్దు ఆగిపోదన్న పేరు ఊరికే రాలేదు, తావ్ చెప్పుల అరుగుదలలోంచి వచ్చింది. పెళ్లి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, ఎద్దుని కట్టుకున్నానుగా అనేది. ఆ లెక్కన జెవోరా ఆవిడకి సవతే.

ఆవిడని కాల్చుకు తింటున్నది ఇంకొకటుంది. జెవోరా కొత్త సరుకు కాదు. మొదటి విడత తయారైనప్పుడు తావ్ స్వయంగా చూసింది. ఇనుపెద్దు లోపలి సర్క్యూట్ బోర్డే తీసుకెళ్లి నల్ల డబ్బాలో పెట్టారు, ఫ్యానుకి ఎర్ర రెక్కలు తగిలించారు, అంతే. ధర మాత్రం ఒకటిన్నర రెట్లు. ఇనుపెద్దు మామూలు అట్టపెట్టెలో వెళుతుంటే, అది అయస్కాంతం మూత ఉన్న పెట్టెలో పెళ్లికూతురిలా వెళుతోంది. చివరికి పరీక్షల గదిలో యంత్రాలు బుద్ధిగా ఉండాలని అక్కడివాళ్లు నమ్మకంగా వాటి పైన పెట్టే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్లలో కూడా తేడా. నింగ్ వైపు ఎప్పుడూ కొత్తదే. తావ్ వైపు ఉన్నదానికి గడువు దాటినా మార్చే దిక్కు లేదు. పని నేర్పమని కే అప్పగిస్తే సరుకు పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పింది తావే ఆ పిల్లకి. ఇవాళ అదే పిల్ల తనని 'భోంచేశారా' అని జాలిగా అడుగుతోంది.

వాళ్ల పంచాంగంలో ఏడో నెల వచ్చింది. ఆకలి దయ్యాలకి పెట్టుకునే రోజున కంపెనీ ముందు కాలిబాట మీద బల్లలు వేసి పళ్లు, బిస్కెట్లు, నూడుల్స్, బీరు డబ్బాలు పేర్చారు. అందరూ తలా ఇన్ని అగరొత్తులు పట్టుకున్నారు. బల్ల నడుమ, పళ్లకంటే ఎత్తుగా, జెవోరా నల్లపెట్టెల గోపురం.

"దయ్యాలక్కూడా జెవోరానేనా?" అంది తావ్.

"కుర్రదయ్యాలేమో అక్కా" అంది నింగ్. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

తావ్ కూడా నవ్వేదే. కానీ దణ్ణం పెట్టడానికి వంగినప్పుడు బల్ల కిందకి చూపు పోయింది. కాలు ఊగుతోందని ఎవరో ఇనుపెద్దు అట్టపెట్టె చింపి, మడిచి, దాని కింద తోశారు. ఎద్దు ముఖం మీద బల్ల కాలు ఉంది. అగరొత్తులు ఇసుకలో గుచ్చేసి, చెప్పాపెట్టకుండా మెట్రో ఎక్కి గ్వాంగ్‌హువా కంప్యూటర్ల బజారుకి వెళ్లిపోయింది.

అక్కడ కున్ కొట్టు ఆవిడకి పుట్టిల్లు లాంటిది. కున్ ఇనుపెద్దు అమ్ముతాడు. ఎదురు కొట్టువాడు జెవోరా అమ్ముతాడు. ఆ ఏడుపు కున్‌కీ ఉంది.

"ఆ నల్లది వాడికే ఎందుకిస్తారు? నాకివ్వడానికి మీ యజమానికేం రోగం?" అన్నాడు రాగానే.

"నీకెందుకు కున్ అన్నా అది? నీ దగ్గరున్నదే అది. స్క్రూడ్రైవరివ్వు."

ఆవిడ సంచిలో మొదటి విడత జెవోరా ఒకటి ఉంది. ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకున్నది, వస్తూ వేసుకొచ్చింది. దాన్నీ ఒక ఇనుపెద్దునీ పక్కపక్కన పెట్టి, చేతి పచ్చరాయి గాజు డబ్బాలకి తగులుతుండగా మూతలు విప్పింది. కున్ కళ్లజోడు సర్దుకుని ఒకసారి దీంట్లోకీ ఒకసారి దాంట్లోకీ తొంగిచూశాడు.

"ఒక్క కడుపున పుట్టినవే కదా ఇవి."

"మరి. ఒకదానికి పౌడరు రాశారు, ఒకదానికి రాయలేదు."

కున్ ఫోను తీసి ఫొటో కొట్టాడు. వద్దనడానికి నోరు తెరిచి మూసుకుంది తావ్. నిజమే కదా, నిజానికి భయమేమిటి అనుకుంది. తిరిగి వెళుతూ కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని తింది. ఎన్నాళ్లకో దాని రుచి తెలిసింది.

ఫొటో ఊరంతా తిరిగింది. రెండింటి లోపలా ఒకటే సరుకు, తెలివైనవాడు ఇనుపెద్దు కొనుక్కుంటాడు అని కుర్రాళ్లు రాసుకున్నారు. ఇనుపెద్దు అట్టపెట్టెలు పెట్టినవి పెట్టినట్టే అమ్ముడుపోయాయి. నింగ్ ముఖం వాడింది. తావ్ రోజూ ఆ పిల్ల బల్ల పక్కనుంచే, పని ఉన్నా లేకపోయినా, రెండుసార్లు ఎక్కువ నడిచింది. ఈ మాట బయటికెలా పోయిందని కే ఒక్కసారి అడిగాడు. ఆయన మళ్లీ అడగలేదు.

చలి మొదలయ్యేసరికి జెవోరాలు కాలడం మొదలుపెట్టాయి. టప్పుమని శబ్దం, కమురు వాసన, చీకటి తెర. ఒకటి, రెండు, తర్వాత పెట్టెలకి పెట్టెలు తిరిగొచ్చాయి. పరీక్షల గదిలోవాళ్లు పరుగెత్తి యంత్రాల మీది చిరుతిండి ప్యాకెట్ చూశారు. ఆకుపచ్చదే, గడువూ ఉంది. కాబట్టి తప్పు మనుషులదేనని తేల్చారు. తావ్ లోలోపల పండగ చేసుకుంది. ఉసురు తగిలింది, మంచి పనయింది అనుకుంది.

ఆ పండగ కున్ ఫోను దాకానే.

"తావ్, నా కొట్లో ఉన్న ఇనుపెద్దులన్నీ పట్టుకుపో. కొన్నవాళ్లు కూడా తెచ్చి నా ముఖాన కొడుతున్నారు."

"అదేంటి కున్ అన్నా, ఇనుపెద్దు ఒక్కటీ కాల్లేదు కదా."

"కాలకపోతే? రెండూ ఒకటేనని నా బల్ల మీద విప్పి చూపించింది నువ్వే కదా తల్లీ. వచ్చిన ప్రతివాడికీ నేను ఆ పాటే పాడాను. ఇప్పుడు కాదంటే ఎవడు వింటాడు?"

మర్నాడు కే పిలిచాడు. గదిలో ఎప్పటిలా నీళ్లు కాచి, చిన్న కుండలో టీ పోసి, గుక్కెడు కప్పు ఆవిడ ముందుకి జరిపాడు.

"మొదటి విడతే ఒకటి తావ్. ఆ తర్వాత వాటిలో కొత్త చిప్పు పెట్టించా. చవక, చిన్నది, బాగుంటే బంగారం. బాగుంటుందో లేదో జనం వాడితేగాని తెలీదు."

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

"నీకు చెబితే బజారుకి చెప్పినట్టే. నాకు తెలీదా నీ సంగతి." ఆయన కోపంగా లేడు. "చూడు, ఎదురెదురు కొట్లకి ఒకే పేరు సరుకిస్తే తన్నుకుచస్తారు. అందుకో పేరు. విదేశాల వాళ్లకి వాళ్ల పేర్లు వేసి చేసిస్తాం, మన పేరు పెరిగితే వాళ్లకి మంట. అందుకో పేరు. అవన్నీ అలా ఉంచు. కొత్త చిప్పు కాలితే ఏ పేరు కాలాలి? మా నాన్న నడిపిన బండి పేరా?"

తావ్ కప్పులో టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"ఆ దీపాలూ పాటలూ నల్లరంగూ నీ ఎద్దుకి నేను కట్టిన దిష్టిబొమ్మ. దిష్టిబొమ్మకి కట్టిన చీర చూసి నువ్వు కుళ్లుకున్నావ్."

"సార్, ఆ ఫొటో..."

"ఫొటోలో నీ పచ్చరాయి గాజు పడింది. ఆ రోజే చూశా." ఆయన ఇంకో కప్పు పోశాడు. "ఇనుపెద్దు ఇంక లేదు. బోర్డు బంగారం లాంటిది, దాన్ని చంపుకోలేం. ఇంకో పేరు పెట్టి బయటికి పంపుదాం. అది నువ్వే చూసుకో."

ఇంతకాలం ఏది కావాలని ఏడ్చిందో అదే చేతిలో పెట్టాడు.

కింద నింగ్ జెవోరా బొమ్మల్ని గోడమీంచి ఊడదీస్తోంది. తావ్ వెళ్లి ఒక అంచు పట్టుకుంది.

"నీకు తెలుసా ముందే?"

"ఇచ్చిన రోజే చెప్పారు. ఎప్పుడైనా పోయే పేరిది, మనసు పెట్టుకోకు అని." నింగ్ గట్టిగా లాగింది, అట్ట చిరిగింది. "అయినా పెట్టుకున్నానులెండి. మిమ్మల్ని చూస్తే ఒళ్లు మండేది నాకు. మీ పేరు మీద ఈగ వాలనిచ్చేవారు కాదు ఆయన. నాది కాలిపోడానికే పుట్టింది. టీ తెచ్చిస్తే ముట్టుకునేవారు కూడా కాదు మీరు."

తనని చూసి కుళ్లుకునేవాళ్లు కూడా ఉంటారని తావ్‌కి ఎప్పుడూ తట్టలేదు. చిరిగిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది.

మరుసటి ఎండాకాలం ప్రదర్శనలో హాలు నడిమధ్య చోటు తావ్‌ది. తెల్లటి గోడలు, తెల్లటి పెట్టెలు, 'కైరెల్' అని వెండి అక్షరాలు. లోపల పాత బోర్డే. నింగ్ పక్కనే నిలబడి సాయం చేస్తోంది. తైనాన్‌లో కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఒక పవర్ సప్లై చేతిలోకి తీసుకుని, పైకీ కిందకీ ఆడించి బరువు చూశాడు.

"గట్టి సరుకులా ఉందే. వెనకటికి ఇనుపెద్దు ఇలాగే బరువుండేది."

ఇది అదేనని చెప్పాలని తావ్‌కి ఎంతగా అనిపించిందంటే, పెదవులు కదిలాయి కూడా.

"కొంపదీసి ఆ ఎద్దువాళ్లది కాదు కదా ఇది?" అన్నాడాయన. "వాళ్లవి అంటగట్టించుకుని నా కొట్టు ముందు జనం చేత తిట్లు తిన్నానండీ. ఆ బొమ్మ చూస్తేనే భయం."

నింగ్ తావ్ వైపు చూసింది.

"కాదండీ" అంది తావ్. "వాళ్లెవరో మాకు తెలియదు."

"అయితే నాకు పంపండి" అన్నాడాయన నిశ్చింతగా.

తావ్ 'కైరెల్' అని అచ్చేసిన కొత్త కార్డు తీసి, వంగి, రెండు చేతులతో ఆయనకి అందించింది.